నీలం తిరిగిన అతుకు

హలో, వినపడుతోందా? అక్కలు, చెల్లెళ్ళు, అన్నలు, తమ్ముళ్ళు, అందరూ బాగున్నారా? అన్నాలు తిన్నారా? ఒక్క పది నిమిషాలు ఫోను పక్కన పెట్టకుండా వినండి. పొయ్యి మీద ఏదన్నా ఉంటే కట్టేసి రండి. లేదంటే కట్టెయ్యమని ఇంట్లో ఇంకెవరికన్నా చెప్పండి, ఈ ఒక్కసారికి ఏం కాదు. నేను చెప్పబోయేది మా నరసరావుపేట సుకన్య సంగతి.

సుకన్యకు చేతులు కడుక్కోవడమే సగం పని. పప్పుకు పోపు పెట్టిన చేతులు, అంట్లు తోమిన చేతులు, అత్తగారి తలకు కొబ్బరినూనె రాసిన చేతులు అవి. వాటితో టైటానియం గొట్టాన్ని అట్లాగే ముట్టుకుంటే ఆ జిడ్డు అతుకులో కలిసి సైకిలు ఫ్రేము పాడైపోతుంది. అందుకని సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటుంది. తర్వాత గొట్టాన్ని అసిటోన్ గుడ్డతో తుడిచి, ఉతికిన గ్లౌజులు తొడుక్కుంటుంది. జుట్టు కనపడకుండా తలగుడ్డ చుట్టుకుంటుంది. ఇంత చేసి పెరట్లో రేకుల షెడ్డులోకి పోబోతుంటే వసారాలో మంచం మీది నుంచి అత్తగారు ధనమ్మ, "దేవుడి గూటి దగ్గర కూడా ఇంత మడి కట్టుకోవు గదే" అని ఎత్తిపొడుస్తుంది. సుకన్య నవ్వి ఊరుకుంటుంది. నవ్వి ఊరుకోవడం కూడా ఆ ఇంట్లో ఆమె చేసే పనుల్లో ఒకటి. దానికి ఎవరూ జీతం లెక్కకట్టరు.

ఆమె భర్త అమర్నాథ్‌కు పల్నాడు రోడ్డులో స్టీలు గేట్లు, మెట్ల రెయిలింగులు చేసే షాపు ఉంది. మంచి పనివాడు. సైకిలు పిచ్చి ఉన్న ఒకాయన ఎవరో విరిగిన టైటానియం ఫ్రేము పట్టుకొచ్చి అతకమంటే, అక్కడి నుంచి ఆ లోహం మీద పడింది అమర్నాథ్ మనసు. తుప్పు పట్టదు, స్టీలు కన్నా తేలిక, సరిగ్గా చేస్తే మనిషి పోయినా బండి పోదు. ఇంత ఎండలో, ఇంత దుమ్ములో ఇలాంటి బండే కావాలని గుంటూరు, బెజవాడ నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. మనిషి మనిషికీ కొలతలు తీసి, దర్జీ చొక్కా కుట్టినట్టు బండి చెయ్యడం మొదలుపెట్టాడు. అంతా బాగుంది అనుకునేసరికి షుగరు కళ్ళ మీద పడింది. వెల్డింగ్ గీత రెండుగా కనపడసాగింది. అప్పుడు సుకన్యను షెడ్డులోకి పిలిచి, "కాలి కింద పెడలు, చేతిలో వెల్డింగ్ టార్చి. నువ్వు కుట్టుమిషను తొక్కుతావు గదా, అంతే ఇది. ఏముంది ఇందులో" అన్నాడు. ఏముందో ఆమె చెయ్యి కాల్చుకుంటూ, గొట్టాలు పారేసుకుంటూ నేర్చుకుంది. ఇప్పుడు గొట్టాలు కోసి ఇచ్చేది, సామాను బిగించేది అమర్నాథ్. అతికేది సుకన్య.

ఆ సంగతి ఇంటి గడప దాటలేదు. అతుకులు చూసి ఎవరన్నా, ముత్యాలు గుచ్చినట్టు ఉన్నాయి సార్ అంటే, అమర్నాథ్ చిన్నగా తల ఊపుతాడు. మరీ గుచ్చి అడిగితే, "లోపల మావాళ్ళున్నారులే" అంటాడు. ఆ 'మావాళ్ళు' అనే మాట వెనక టీ గ్లాసులు కడుగుతూ సుకన్య ఉంటుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగింది, నేను చేశానని చెబితే ఏమవుతుందని. అమర్నాథ్ కోపంగా ఏమీ అనలేదు. చానా నిదానంగా, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "పిచ్చిదానా, ఆడమనిషి అతికించిందంటే ఎవడెక్కుతాడే దానిమీద? నీ పేరైతే ఏంది, నా పేరైతే ఏంది. ఇల్లు ఒకటేగా." ఇల్లు ఒకటే అయినప్పుడు తన పేరు ఎందుకు కాకూడదో ఆమెకు ఆ తర్వాత గిన్నెలు తోమేటప్పుడు తోచింది. తోచే మాటలన్నీ ఆమెకు అట్లా ఆలస్యంగానే తోస్తాయి, అడగాల్సిన మనిషి అక్కడి నుంచి వెళ్ళిపోయాక.

ఇట్లా ఉండగా ఫిలోమినా వచ్చింది. సత్తెనపల్లిలో బడిపిల్లలకు ఆటలు నేర్పే టీచరు, పొట్టి మనిషి, గట్టి మనిషి. ఆమె స్నేహితులు ముగ్గురో నలుగురో ఇక్కడే బళ్ళు చేయించుకున్నారు. మాచర్ల మీదుగా సాగర్ దాకా పోయి వచ్చే పెద్ద రైడు ఉందని, అందులో తొక్కాలని వచ్చింది. ఇన్నాళ్ళూ మగవాళ్ళ కొలతల సైకిళ్ళు తొక్కి తొక్కి తన నడుము పోయిందని నవ్వుతూనే చెప్పింది. ఆడమనిషికి కాలి కొలత తియ్యడానికి అమర్నాథ్‌కు మొహమాటమైంది. టేపు సుకన్య చేతికిచ్చి తను గుమ్మం అవతల నిలబడి అంకెలు రాసుకున్నాడు. ఇంచుమించు తనంతే ఉందని సుకన్య అనుకుంది. అంత పొట్టి ఫ్రేము ఆమె ఎప్పుడూ అతకలేదు.

టైటానియంతో ఒక పేచీ ఉంది. ఎర్రగా కాలినప్పుడు అది గాలిని తాగుతుంది. తాగిందంటే లోపల పెళుసెక్కిపోతుంది. అందుకే అతుకుతున్నంతసేపూ టార్చిలోంచి వచ్చే ఆర్గాన్ గ్యాసు దాని మీద కమ్మి ఉండాలి. మంట ఆపేశాక కూడా చెయ్యి తియ్యకూడదు. టార్చిని అట్లాగే పట్టుకుని, చంటిబిడ్డ నిద్రలోకి జారేదాకా జోకొట్టినట్టు, లోహం చల్లారేదాకా గ్యాసు రానివ్వాలి. అట్లా చేస్తే అతుకు వెండిలా తెల్లగా వస్తుంది. ముందే చెయ్యి తీస్తే నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే ఆ అతుకు నమ్మదగింది కాదు.

ఆ రోజు సుకన్య ఫిలోమినా ఫ్రేములో ముందు అతుకు వేస్తోంది, హ్యాండిలు దిగే గొట్టానికి కింది గొట్టం కలిసే చోట. బండి బరువూ, మనిషి బరువూ, రోడ్డు గుంటల దెబ్బలూ అన్నీ మోసేది ఆ చోటే. సగం చుట్టు అయింది. వసారాలోంచి ధనమ్మ, "ఏమే సుకన్యా" అంది. సుకన్య పలకలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలుపుకు పలకకపోతే కోడలు చెవిటిదో, పొగరుబోతుదో అయ్యి తీరాలని ఆ ఇంట్లో లెక్క. ఇన్నేళ్ళలో ఆ మూడో పిలుపు ఆమె ఒంట్లోకి ఎక్కిపోయింది. మనసు ఇంకా అతుకు మీదే ఉంది, చెయ్యి మాత్రం తనంతట తనే లేచింది. "ఆఁ అత్తయ్యా" అని గుమ్మంలోకి పోయింది.

"పెరుగుకు తోడేశావా లేదా?" అని అడిగింది ధనమ్మ.

వేశానని చెప్పి వెనక్కి వచ్చి చూస్తే అతుకు చివర గోరంత మేర నీలం. నెమలి మెడ రంగు. చూడటానికి ఎంత బాగుందో. సుకన్య ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. ధనమ్మ మీద ఆమెకు కోపం రాలేదు. ఆ ముసలామెకేం తెలుసు, పిలిస్తే కోడలు రావాలి, అంతవరకే తెలుసు. కోపం వచ్చిందల్లా తన చెయ్యి మీద. బిడ్డలు లేరని ఊరంతా మాట్లాడుకున్నప్పుడు కూడా వణకని చెయ్యి, నల్లద్దం లోంచి సూదిమొన అంత మంటను చూసుకుంటూ కదలకుండా గంటలు గంటలు నిలిచే చెయ్యి, ఒక్క పెరుగుగిన్నె మాటకు లేచిపోయింది. ఎవరు నేర్పారు దానికి ఈ బుద్ధి?

అమర్నాథ్‌కు చూపించింది. అతను కళ్ళద్దాలు పైకీ కిందకీ జరిపి చూసి, బఫ్ మిషనుతో రుద్దితే పోతుందన్నాడు. రంగు పోతుంది గానీ పెళుసు పోదని, ఆ ముక్క కోసేసి కొత్త గొట్టం వెయ్యాలని సుకన్య అంది. శనివారం బండి ఇవ్వాలని, ఆదివారం ఆ పిల్ల రైడు ఉందని, మాట పోతుందని అతను అన్నాడు. "నీకన్నీ చాదస్తాలే. ఆమేమన్నా దానిమీద వడ్ల బస్తాలు ఎక్కిస్తదా?" అని తనే బఫ్ పట్టి నీలాన్ని చెరిపేశాడు. పైన ఒక స్టిక్కరు అంటించాడు. అద్దంలా మెరిసింది. రెండు రోజుల్లో చక్రాలు, చెయిను, సీటు అన్నీ బిగించాడు.

ఏ బండినైనా ఇచ్చే ముందు అమర్నాథ్ కోటప్పకొండ రోడ్డు మీద తొక్కి చూస్తాడు. అది అతని నియమం. ఈసారి ఎక్కబోతే మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకున్నాయి. ఎదురింటి ప్రభావతమ్మ చీపురు ఆపి, "ఏంది అమర్నాథూ, సర్కస్‌లో చేరతన్నావా?" అంది. దిగిపోయాడు. కాసేపు గడ్డం గోక్కుని, నువ్వే చూసిరా, జనం లేవకముందే పోయి రా, అని సుకన్యతో అన్నాడు. జనం లేవకముందే అనే మాటను రెండుసార్లు అన్నాడు.

సుకన్య సైకిలెక్కి ఎన్నాళ్ళయిందో. నకరికల్లులో చిన్నప్పుడు నాన్న సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి ఒంకరగా తొక్కేది. ఓణీ వేశాక వాళ్ళమ్మ, ఇంక చాల్లే అంది. ఎందుకు చాలో చెప్పలేదు, ఈమె కూడా అడగలేదు. ఇప్పుడు పంజాబీ డ్రస్సు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, మసక వెలుతురులో రోడ్డెక్కింది. మొదట బండి అటూ ఇటూ తూలింది. పెట్రోలు బంకు దాటేసరికి కాళ్ళకు గుర్తొచ్చింది. బండి కింద ఉందన్న సంగతే తెలియడం లేదు. గతుకు వస్తే కాస్త వంగి, మళ్ళీ నిలబడి, తొక్కిన ప్రతి తొక్కుకూ ముందుకు ఉరుకుతోంది. తన చేతికింద ఇన్ని బళ్ళు పుట్టాయి, ఒక్కదాని నడకా తనకు తెలియదు. వండినమ్మకు మెతుకు మిగలనట్టు. మిరప చేల మీదుగా వచ్చే చల్లటి ఘాటు గాలి మొహానికి తగిలింది. తను ఏడుస్తోందో, గాలికి కళ్ళు నీరు కారుతున్నాయో ఆమెకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. కొండ కనపడే దాకా పోయింది.

ఒక చిన్న దిగుడు వచ్చింది. బండి దానంతట అదే జారుతోంది. హ్యాండిలు గట్టిగా పట్టుకుంది, దాని కిందే ఆ స్టిక్కరు. ఏమీ కాలేదు. చప్పుడు లేదు, ఊగు లేదు. భయం వేసింది అందుకే. ఇవాళ ఏమీ కాదు. రేపూ కాదు. ఏదో ఒక రోజు, సాగర్ దిగుడులో, ఎండలో, నవ్వుకుంటూ పోతున్న ఆ పొట్టి పిల్ల మొహం నేలకు కొట్టుకుంటుంది. ఏమైందో ఎవరికీ అర్థం కాదు. సుకన్యకు మాత్రం అర్థమవుతుంది. బ్రేకు వేసి దిగింది. మళ్ళీ ఎక్కబుద్ధి కాలేదు. అక్కడి నుంచి ఊళ్ళోకి బండిని నడిపించుకుంటూ బయల్దేరింది.

తెల్లారిపోయింది. జనం లేచారు. టీ కొట్ల ముందు నుంచి, పాల బళ్ళ మధ్య నుంచి, పల్నాడు బస్టాండు ముందు నుంచి చెమటలు కక్కుతూ సైకిలు తోసుకుంటూ వస్తున్న సుకన్యను అందరూ చూశారు. తెలిసిన ముసలాయన ఒకడు, పంచరా అమ్మాయ్ అని అడిగాడు. "కాదు బాబాయ్, అతుకు బాగలేదు" అంది. పైకి అనేశాక అదేమంత కష్టమైన మాట కాదనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అమర్నాథ్ వసారాలో ఫోను మాట్లాడుతున్నాడు. ఫోను మీది అక్షరాలు కళ్ళకు ఆనక ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. అవతల ఫిలోమినా. అంతా తనే ఒకటికి రెండుసార్లు చూశానని, తన చేత్తో చేసిన బండికి ఢోకా లేదని చెబుతున్నాడు. సుకన్య సైకిలును గోడకు ఆనించి, అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. లాక్కోలేదు. గ్లాసు తీసుకున్నట్టు తీసుకుంది.

"ఫిలోమినా గారూ, నేను సుకన్యని. ఈ బండి మీకు శనివారం ఇయ్యటం లేదమ్మా. ముందు అతుకు చెడింది. కోసేసి మళ్ళీ చెయ్యాలి."

"అదేందక్కా, సార్ ఇప్పుడే రెడీ అన్నారు. ఆదివారానికి పేరిచ్చాను. సెలవు కూడా పెట్టుకున్నా." ఆ గొంతులో విసుగు దాచుకోలేదు.

"అతికింది నేను. చల్లారకముందే చెయ్యి తీశాను. తప్పు నాదే."

"మీరు అతికారా? సార్ కాదా?" అంది ఫిలోమినా. "మరి మా స్నేహితులు తొక్కే బళ్ళు? అవి ఎవరు చేశారక్కా?"

ధనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. అమర్నాథ్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు, అంతే. అతని మొహంలో కోపం లేదు, బతిమాలాట ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహం ఆమె చూడలేదు. జాలేసింది. ఒక్క మాట చాలు, అవి ఆయన చేశారు, చెడిందే నేను చేశాను అంటే సరిపోతుంది. ఫిలోమినా నమ్ముతుంది. లోకమంతా నమ్ముతుంది. కూర కుదిరితే చేపల రుచి, మాడితే వండిందాని తప్పు. ఇల్లు గడిస్తే మగవాడి కష్టం, గడవకపోతే ఆడదాని దుబారా. ఈ లెక్కలో కొత్తేమీ లేదు, ఆమె కూడా ఇన్నాళ్ళూ అందులో కుదురుకునే ఉంది. మంచివన్నీ అతని పేరున ఉండనిచ్చి, ఈ ఒక్క నీలం మరకను తన పేరున వేసుకుంటే ఇంట్లో పొద్దు మామూలుగా గడుస్తుంది. సాయంత్రం టీ మామూలుగా ఉంటుంది. సుకన్య గ్లౌజులు లేని తన చేతుల వంక చూసుకుంది.

"అవీ నేనే చేశానమ్మా" అంది. "అన్నీ నేనే చేశాను."

ఇదండీ సంగతి. ఇది విన్నప్పుడు మీ ఇంట్లో ఏ మనిషి మొహం గుర్తొచ్చిందో, ముందు ఆ మనిషికి పంపించండి. తర్వాత, ఆ మనిషి చేసిన పనికి పేరు తెచ్చుకుంటున్న వాళ్ళకు కూడా పంపించండి. ఉంటాను మరి.