గబ్బిలాల యజమాని

రాజాం అవతల సోములు కళ్ళంలో పెద్ద మద్దిచెట్టుంది. దాని నిండా గబ్బిలాలే. కేరళలో నిపా జ్వరం వచ్చిన ఏడు, రేఖ అనే సైంటిస్టు వలలు పట్టుకుని ఆ చెట్టు కిందకొచ్చింది. గబ్బిలాలు ప్రమాదకరమైన వైరస్‌లు మోస్తూ కూడా జబ్బు పడవట. ఆ కిటుకేమిటో తెలియాలంటే వాటి జన్యువుల్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవాలట.

ఆమె తెచ్చిన కాగితంలో ‘యజమాని’ అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే పైవాళ్ళు ఒప్పుకోరు.

"మీ చెట్టే కదండీ. మీ పేరు రాసేస్తాను," అంది.

సోములు సంతకం పెట్టాడు. ఆమె నాలుగు గబ్బిలాల నుంచి బొట్టు బొట్టు రక్తం తీసుకుని, వాటిని వదిలేసి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే పక్కతోట జగ్గమ్మ, కొరికిన సపోటాలు ఒళ్ళో వేసుకుని వచ్చింది.

"నీ గబ్బిలాయిల్ని కాసింత అదుపులో ఎట్టుకో."

"నావేటి అప్పా?"

"సంతకం ఎట్టినావు గదా."

ఆ సాయంత్రం సోములు చెట్టు కింద నిలబడి, "జగ్గమ్మ తోటకి ఎల్లకండి," అని చెప్పి చూశాడు. ఎందుకోగానీ రెండు రోజులు అవి అటు పోలేదు. దాంతో ఊళ్ళో అతని పరపతి పెరిగిపోయింది. పెళ్ళివారొచ్చి, పందిరి మీదుగా వాటిని రానివ్వొద్దని బతిమాలుకున్నారు.

ఆర్నెల్లకి ఉత్తరం వచ్చింది. జన్యుక్రమం పూర్తయిందట, ‘మీ గబ్బిలాల’కు కృతజ్ఞతలట. సోములు దానికి పటం కట్టించాడు. ఆ వారంలోనే గబ్బిలాలన్నీ లేచి అతని బావ అప్పలసూరి చెట్టుకి మారిపోయాయి.

"బావా, నా గబ్బిలాయిలు నాకిచ్చీ," అన్నాడు సోములు వెళ్ళి.

"తీసుకెల్లు. నానేటి కట్టీసినానా?"

పెద్దమనుషులు కూర్చుని, పడక అప్పలసూరి చెట్టున, హక్కు సోములుదని తేల్చారు. అది అప్పలసూరికి మింగుడుపడలేదు. రేఖ మళ్ళీ రక్తం కోసం వచ్చేసరికి, ఇద్దరూ కలం కోసం చెయ్యి చాపారు.

"ఆ గడి తీసేశారండీ," అంది రేఖ. "అడవి జీవులకి యజమానులుండరట."

సోములు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అలాగైతే నా రాజీనామా ఎవులికియ్యాల?"

రేఖ నవ్వలేదు. తెల్లకాగితం తీసి అతను చెప్పింది చెప్పినట్టు రాసింది. సాక్షిగా అప్పలసూరి సంతకం పెట్టాడు. తన దగ్గర ఆఫీసు ముద్ర లేనందుకు ఆమె క్షమించమంది.

సోములు ఇంటికెళ్ళి, ఆ పూట అన్నం తినకుండా పడుకున్నాడు.