రాసుకున్న మాట

మార్చి పదకొండు మేష్టారికి బాగా గుర్తు. ఆ పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, ఒక రొట్టెముక్క తిన్నాడు. గుడ్ల పెంకు కూతురే ఒలిచి పెట్టింది.

ఇంట్లో ఆమెను పండు అంటారు. కొడుకుగా పెరిగినప్పుడూ అదే పిలుపు, కూతురినని చెప్పి కాగితాలన్నీ మార్చుకున్నాకా అదే. కరెంటు పని చేస్తుంది. ప్రార్థన మందిరంలో వైరింగంతా ఆమె చేతి పనే. అయితే అక్కడ ఆడవాళ్ళది కుడివైపు, మగవాళ్ళది ఎడమవైపు. ఏ వైపూ కూర్చోలేక రెండేళ్ళుగా మెట్ల మీదే ఆగిపోతోంది. కుడివైపు మూడో వరసలో, కిటికీ పక్కన, చనిపోయిన వాళ్ళమ్మ కూర్చునే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ పండును కూర్చోనివ్వాలా వద్దా అన్నది తేల్చడానికే ఆ సాయంత్రం సమావేశం.

"కేసు వేద్దామా?" అని మేష్టారు ముందే అడిగి చూశాడు.

"ఉద్యోగం ఇవ్వకపోతే వేసేదాన్నే నాన్నా. మందిరం లోపలి సంగతి సభ్యులదేనని చట్టమే అంటోంది. అయినా జడ్జిగారు కుర్చీ ఇప్పిస్తారు గానీ, పక్కన కూర్చునే మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

మేష్టారు మందిరం కార్యదర్శి. సమావేశంలో ఎవరేమన్నా పొల్లుపోకుండా రాయడం ఆయన పని. తన బిడ్డ సంగతి కాబట్టి ఈసారి చర్చలో నోరు మెదపనని మాటిచ్చాడు.

అధ్యక్షుడు కలప వ్యాపారి, నిక్కచ్చి మనిషి. లేచి గొంతు సవరించుకున్నాడు.

"మన పద్ధతుల్లో సర్కారు వేలు పెట్టకూడదని ముప్పై ఏళ్ళుగా అంటున్నాం. నిర్ణయం మనదే. పండు మీద నాకు పగేం లేదు. బంగారం లాంటి మనిషి. నిన్న కూడా జ్వరంతోనే వచ్చి, నిచ్చెనెక్కి, నాలుగు ఫ్యాన్లూ బాగుచేసి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళింది. కానీ పద్ధతి పద్ధతే. మగవాడిగా పుట్టినవాడు..."

కుడివైపు ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమిటది?"

"వెళ్ళింది అన్నావు బాబూ. వెళ్ళాడు అనలేదు," అంది నర్సమ్మ. ఆ హాల్లో సగంమందికి బొడ్డుకోసిన మనిషి, అధ్యక్షుడితో సహా.

"నోరు జారింది."

"జారితే జారింది. మేష్టారూ, రాశారా?"

"రాశానమ్మా," అన్నాడు మేష్టారు తలెత్తకుండానే.

హాలంతా గొల్లుమంది. అధ్యక్షుడి చెవులు ఎర్రబడ్డాయి.

"కొట్టేయమంటారా?" అని మేష్టారు మెల్లగా అడిగాడు.

అధ్యక్షుడు చెయ్యి అడ్డంగా ఊపాడు. "అన్నది అన్నాను. ఉండనీండి."

నర్సమ్మ మళ్ళీ అందుకుంది. "ఆసుపత్రి పుస్తకంలో మగబిడ్డ అని రాసిందాన్ని నేనే. అప్పటికి పండు ఇరవై నిమిషాల మనిషి, అడిగితే చెప్పే వయసా? సరే, సర్కారు మన జోలికి రాకూడదంటున్నావు, బాగుంది. మరి మా వైపు ఎవరు కూర్చోవాలో మీ వైపు వాళ్ళు తేల్చడమేమిటి?"

ఎడమవైపు వాళ్ళు చేతులు కట్టుకుని, నిర్ణయం కుడివైపుకే వదిలేశారు. కుడివైపు చేతులు మాత్రమే లేచాయి. సరే అన్నవి ఇరవై ఆరు, వద్దన్నవి తొమ్మిది. వద్దన్నవాళ్ళలో ఇద్దరు వెనక వరసకు మారతామన్నారు. మేష్టారు అదీ రాశాడు.

"నాకిది నచ్చలేదు," అన్నాడు అధ్యక్షుడు. "కానీ నిర్ణయం మనదేనన్నాను. మనదే."

మెట్ల మీది పండు లోపలికొచ్చి కిటికీ పక్కన కూర్చుంది. నర్సమ్మ తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చింది. మేష్టారు అక్షరాలు ఎప్పుడూ చీమల బారులా ఉంటాయి. ఆ పేజీలో "కార్యదర్శి కూతురు" అన్న రెండు మాటలు మాత్రం గీత దాటి పెద్దగా పడ్డాయి. ఆయన వాటిని దిద్దలేదు.

ప్రార్థన అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. మేష్టారు గేటు దగ్గర నిలబడ్డాడు. పండు ఒక్కో స్విచ్చే ఆపుకుంటూ వస్తుంటే అధ్యక్షుడు తాళాలతో కాచుకున్నాడు.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గింది బాబాయ్."

"నాకింకా కోపంగానే ఉంది."

"తెలుసు బాబాయ్."

"మెట్లు చూసుకుని దిగు."

ఆమె తండ్రి పక్కకు చేరేదాకా వరండా దీపం వెలుగుతూనే ఉంది. తర్వాత అధ్యక్షుడు దాన్ని ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.