మామ మెచ్చిన పొగాకు

ఆకు మహానంది అంటే కోయిలకుంట్ల చుట్టుపక్కల పొగాకు వేసే రైతులకు గౌరవం కన్నా భయమే ఎక్కువ. ముప్పై అయిదేళ్ళు ఒక పొగాకు కంపెనీకి ఆకు చూసిపెట్టిన మనిషి. ఆకును గుప్పిట్లో నలిపేవాడు, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, ముక్కు దగ్గరికి తెచ్చి ఒక క్షణం కళ్ళు మూసుకునేవాడు. ఆఖరికి అంచుకు అగ్గిపుల్ల అంటించి, నిప్పు ఎంత దూరం పాకి ఆరిపోతుందో చూసి, "మూడో రకం" అనేసేవాడు. ఇక ఆ మాటకు అప్పీలు లేదు. రైతు బతిమాలినా, సర్పంచి చీటీ పంపినా, కంపెనీ మేనేజరే వచ్చి చెవిలో ఊదినా మూడో రకం మూడో రకమే. ఉద్యోగం వదిలి మూడేళ్ళయినా జనం ఇంకా నాలుగు ఆకులు తువ్వాల్లో చుట్టుకుని వచ్చి ఆయన గుమ్మం ముందు నిలబడుతూనే ఉన్నారు.

అంతటి మహానంది ఆ రోజు మే నెల ఎండలో తన ఇంటి వసారాలో కూర్చుని, ఒక గుండ్రటి రేకు డబ్బా వంక చూస్తూ పళ్ళు కొరుకుతున్నాడు. డబ్బా మీద తన ఫోటో ఉంది. మీసాలకు రంగేసి, వయసు పదేళ్ళు తగ్గించారు. కింద బంగారు రంగులో పెద్ద అక్షరాలు, 'మామ మెచ్చిన పొగాకు' అని. దాని కింద చిన్న అక్షరాల్లో 'బనగానపల్లె మామిడి పరిమళంతో'.

మామ మెచ్చలేదు. అదీ వచ్చిన చిక్కు.

డబ్బా తెచ్చినవాడు అల్లుడు ఈరేష్. మహానంది కూతురు భువనను నాలుగేళ్ళ కిందట బనగానపల్లెలో మామిడితోటల వాళ్ళింటికి ఇచ్చారు. కుర్రాడు మంచివాడు, నెమ్మదస్తుడు, ఒక్క దురలవాటు లేదు. ఉన్నట్టుండి అతనికి పైపులో తాగే పొగాకు తయారు చేయాలని బుద్ధి పుట్టింది. ఆకు మామగారి ఊరిది, పండు తన ఊరిది, రెండూ కలిపితే ఎందుకు అమ్ముడుపోదు అన్నాడు. తోట పక్కన షెడ్డు వేశాడు, ఆకు తరిగే మిషను తెచ్చాడు. బెంగుళూరులో పైపు తాగే పెద్దమనుషులకు దుకాణం నడిపే ఒకాయన, "కోయిలకుంట్ల మహానంది ఒప్పుకున్న సరుకయితే నేను పెట్టుకుంటాను" అన్నాడట. ఆయన రేపు పొద్దున బనగానపల్లెకు వస్తున్నాడు. అంటే ఇంతవరకూ ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్న అబద్ధం రేపటి నుంచి మహానంది మీసాలతో సహా బజారుకెక్కుతుంది.

అబద్ధం అని ఊరికే అనలేదు. అయిదు నెలల్లో ఈరేష్ ఆరు నమూనాలు తెచ్చాడు. తెచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. మామ ఎదుట అల్లుడు పొగతాగడం ఎలాగూ లేదు, మామ తాగుతుంటే ఎదురుగా నిలబడి చూడటం కూడా అతనికి మర్యాదగా తోచదు. డబ్బా, పైపు వసారాలో పెట్టేసి లోపల వంటింట్లో అత్తగారి దగ్గరికి పోయి కూర్చుంటాడు. మహానంది ఒక్కడే ఆ పైపుతో కుస్తీ పడతాడు. చుట్టకు ఒక్క పుల్ల చాలు, ఈ మహాతల్లికి పెట్టె కావాలి. అది ఆరిపోయాక భార్య నాగలక్ష్మమ్మ వచ్చి గొంతు తగ్గించి అడుగుతుంది.

"ఎట్లుండాది?"

"సబ్బు నీళ్ళల్లో మామిడి టెంక ఉడకేసినట్లుండాది."

"సరేలే" అని ఆమె లోపలికి పోతుంది. పోయి అల్లుడితో గట్టిగా, "శానా బాగుందంటాడప్పా మీ మామ! వాసన ఇంకొంచెం ఉంటే అదిరిపోతాదంట" అంటుంది. ఆ 'ఇంకొంచెం' ఆమె సొంత కవిత్వం. అల్లుణ్ణి ఉత్తి చేతులతో పంపకూడదని ఏదో ఒక సలహా కలుపుతుంది. అతను ఇంటికిపోయి బుద్ధిగా ఇంకో మూత మామిడి ఎసెన్సు పోస్తాడు. నిజానికి మొట్టమొదట మామిడి తాండ్ర వేసి తెచ్చినదే వాటన్నిటిలోకీ కాస్త నయం. అక్కడ నుంచి మెచ్చుకోలుకొక మెట్టు చొప్పున సరుకు దిగజారుతూ వచ్చింది.

భార్య అబద్ధమాడిందని మహానంది తప్పించుకోవడానికి లేదు. వంటింటి మాటలు వసారాలోకి శుభ్రంగా వినిపిస్తాయి. లేచి, "అది కాదప్పా నేనన్నది" అనడానికి ఎంతసేపు? అనలేదు. ఆరుసార్లూ గొంతు దాకా వచ్చింది, ఆరుసార్లూ మింగాడు. అల్లుడాయె. అలిగి పోతే కూతురు అక్కడ బతకాలాయె. మొగమాటానికి పోతే కడుపొచ్చిందన్నట్టు, ఇప్పుడు ఆ మొగమాటం డబ్బాగా పుట్టి, తన మొహమే పెట్టుకుని తన ఎదురుగా కూర్చుంది.

"ఈ పొద్దు చెప్పేస్తా" అన్నాడు మహానంది గొంతు తగ్గించి, అల్లుణ్ణి వంటింట్లో వదిలి భార్య నీళ్ళ చెంబు తెచ్చినప్పుడు.

"ఏమని?"

"ఇది నోట్లో పెట్టేది కాదని."

"నీకేమన్నా మతి పోయిందా? డబ్బాలు గూడా అచ్చేసుకుని వచ్చినాడు పిల్లోడు. రేపు ఆ బెంగుళూరాయన వస్తాండాడు. ఈ పొద్దు చెప్తావా? చెప్పేవానివి మొన్ననే చెప్పల్ల."

"మొన్న నువ్వు చెప్పనిస్తివా?"

"నేనేమన్నా నీ నోరు మూసినానా? గమ్మున తాగి, బాగుందను. నీ సొమ్మేం పోతాది?"

పోయేది సొమ్మయితే మహానంది ఇంత బాధపడేవాడు కాదు. ఆయన సంపాదించుకున్నది ఒక్క మాట. అదే పోతుంది. రేపు ఏ నందవరం రైతో, ఏ అవుకు రైతో ఈ డబ్బా చేతిలో పట్టుకుని, "ఇదా మహానంది మెచ్చింది? మా ఆకును మాత్రం మూడో రకం అనె గదా" అంటే ఏం మొహం పెట్టుకుని తిరగాలి? ఆ ఆలోచనకే ఆయనకు ఒళ్ళు మండింది. భార్య మీద మండింది, బెంగుళూరు ఆయన మీద మండింది, బొమ్మకు రంగేసిన వాడి మీద మరీ మండింది.

డబ్బా మూత తీశాడు. మామిడి వాసన గుప్పున వచ్చి ముక్కులో కూర్చుంది. పండు వాసన కాదది. తిరునాళ్ళలో పిల్లలకు అమ్మే పసుపుపచ్చ ఐసు వాసన. చిటికెడు తీసి నలిపితే వేళ్ళకు అంటుకుంది. తగిన తేమతో పదునున్న ఆకు నలిపి వదిలితే మళ్ళీ మెల్లగా విచ్చుకోవాలి. ఇది ముద్దయి అలాగే ఉండిపోయింది. మధ్యమధ్య ఈనె ముక్కలు, పుల్లల్లాగా. "థూ" అనుకుంటూ పైపులో కూరాడు. మొదటి పుల్లకు చుయ్యిమంది. రెండో పుల్లకు పొగ వచ్చింది, మూడో పీల్పుకి పోయింది. అయిదో పుల్లకు గానీ దారికి రాలేదు. మొదట పాకం నాలుక మీద పరుచుకుంది. తర్వాత నాలుక కొన మంటెత్తింది. సగానికి వచ్చేసరికి పైపు గొట్టంలో నీళ్ళు గుడగుడమన్నాయి. ఆకు కోసం ఆయన ఓపికగా వెతికాడు. ఇంత పొగలో ఎక్కడో ఒకచోట తన ప్రాంతపు ఆకు, ఎండకు ఆరి, మండెగా పేర్చిన గుట్టలో మాగిన ఆకు, ఒక్కసారయినా పలకరించకపోతుందా అని చూశాడు. పలకరించలేదు.

"ఇంగ ఎట్ల చెప్పల్ల నేను?" అని వంటింటి వైపు చెవి వేశాడు. నాగలక్ష్మమ్మ అప్పుడే మొదలుపెట్టేసింది. ఈసారి ఆయన్ని అడగను కూడా లేదు.

"అద్భుతంగా కుదిరిందంటప్పా! ఆ వాసన చూడు, వంటింటి దాకా వస్తాండాది!"

మహానందికి ఓపిక అక్కడితో అయిపోయింది.

"అల్లుడూ! ఒకసారి ఇట్ల రాండి!"

ఈరేష్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మామ చేతిలో పైపు ఇంకా పొగలు కక్కుతుండటం చూసి గుమ్మం దగ్గరే ఆగి, మొహం కాస్త పక్కకు తిప్పుకున్నాడు.

"కూర్చోండి."

"పర్వాలేదు మామా."

"కూర్చోండంటాండా గదా!"

ఈరేష్ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"ఈ డబ్బాలోది మీరు తాగినారా?"

"మీరు తాగినారు కదా మామా."

"నేను తాగినా. మీ సంగతి అడుగుతాండా."

"మీ ముందర నేనెట్ల..."

"నా ముందర వద్దులేప్పా! మీ షెడ్డులో, మీ తోటలో, యాడో ఒక చెట్టు చాటున!"

ఈరేష్ నేల చూశాడు. "నాకు అలవాటు లేదు మామా. చుట్ట, బీడీ ఏదీ ల్యా. ఎప్పుడూ నోట పెట్టింది ల్యా."

"మరి ఇన్ని దినాలూ దీన్ని తాగి చూసిందెవురు?"

"మీరే కదా!"

మహానంది తల పట్టుకున్నాడు. ఈ నాలుగేళ్ళూ అల్లుడికి ఒక్క దురలవాటూ లేదని ఊరంతా చెప్పుకుని మురిసినవాడికి మొదటిసారి అది తలచుకుని ఏడవాలనిపించింది. ఉప్పు చూడకుండా ఊరందరికీ వంట చేసినవాణ్ణి ఏమంటారు? ఆ వంట రుచి చూసి, నోరు మూసుకున్నవాణ్ణి ఏమంటారు? రెండో ప్రశ్నకు జవాబు ఆయనకు నచ్చలేదు. అందుకని మొదటివాడి మీదికే పోయాడు. పైపు గొట్టం కొసను తువ్వాలుతో తుడిచి ముందుకు చాపాడు.

"తాగండి."

"మామా!"

"నేను చెప్తాండా. తాగల్ల."

ఈరేష్ రెండు చేతులతో తీసుకున్నాడు, ప్రసాదం అందుకున్నట్టు. కళ్ళు మూసుకుని పీల్చాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపల నుంచి నాగలక్ష్మమ్మ "ఏమాయప్పా?" అని కేకేసింది. ఈరేష్ మళ్ళీ పీల్చాడు. మళ్ళీ దగ్గాడు. మూడోసారి పొగను లోపలికి పోనివ్వకుండా నోట్లోనే ఉంచుకుని, ఒక క్షణం అటూ ఇటూ తిప్పి, మెల్లగా వదిలాడు. మహానంది కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

"మామా" అన్నాడు ఈరేష్, "నాలిక కొన భగ్గుమంటాండాది. తీపొకటే తెలుస్తాండాది. ఇందులో ఆకు యాడుండాది?"

మహానంది ఉలిక్కిపడ్డాడు. సరిగ్గా తను అనుకున్న మాట అది. తను ముప్పై అయిదేళ్ళకు నేర్చింది ఈ కుర్రాడు మూడు పీల్పులకు పట్టేశాడు. సంతోషించబోయాడు గానీ ఈరేష్ మొహం చూసి ఆగిపోయాడు.

"దీన్నా మామా మీరు బాగుందనింది?"

"నేను అన్ల్యా. మీ అత్త..." అని మొదలుపెట్టి ఆపేశాడు. "మీ అత్త అనింది. నేను విన్నా. విని గమ్మునుండిపోయినా."

"ఏడుసార్లూ?"

"ఆరుసార్లు. ఏడోసారి పిలిచినా గదా."

ఆ లెక్క ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియలేదు. ఈరేష్ పైపును జాగ్రత్తగా స్టూలు మీద పెట్టాడు. అతని గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది.

"మా పెండ్లికి ముందు మా నాయన మీ గురించి ఒక మాట చెప్పినాడు మామా. ఒక ఏడు మీ సొంత తమ్ముని ఆకును మూడో రకం అన్నారంట గదా. ఆయప్ప ఆరేండ్లు మీ గడప తొక్కలేదంట. తమ్మునికే అట్ల చెప్పినోడంటే ఆ ఇంట్లో మోసం ఉండదు, కండ్లు మూసుకుని పిల్లను చేసుకోవచ్చు అన్నాడు. ఆ ధైర్యంతోనే నేను ఈ పనికి దిగినా. నాకు తెలీకపోతే ఏమి, మా మామకు తెలుసు, తప్పుంటే మొగం మీద చెప్తాడు అనుకున్నా." డబ్బా మీది మామ ఫోటో వంక చూశాడు. "మీ తమ్మునికి చెప్తిరి. ఊర్లో వాళ్ళందరికీ చెప్తిరి. నాకెందుకు చెప్పకపోతిరి? నేను ఈ ఇంట్లోవాన్ని కానా?"

మహానందికి సిగ్గేసింది. తమ్ముడు ఆరేళ్ళు మాట్లాడని మాట నిజమే. ఏడో ఏడు వాడే వచ్చి, గుమ్మంలో నిలబడి, "నిజంగానే ఆకులో పదును తప్పింది లేన్నా" అన్నాడు. అన్నం తిని పోయాడు. ఈ కుర్రాడికి తను నాలుగేళ్ళుగా కోడికూర పెట్టాడు, నెయ్యి పోశాడు, మంచి కుర్చీ వేశాడు, మీరూ మీరూ అన్నాడు. ఏ ఒక్కరోజూ నిజం పెట్టలేదు. వచ్చిపోయే చుట్టానికి చేసే మర్యాదలన్నీ చేసి పంపాడు.

మహానంది డబ్బా ఎత్తి, పొగాకంతా వసారా అరుగు మీద బోర్లించాడు.

"రేయ్ ఈరేషూ! బనగానపల్లెలో పుట్టి సీసాలో మామిడి కొనుక్కొస్తావంట్రా? సిగ్గులేదా నీకు? ఇంటెనక తోట పెట్టుకుని! మొదట తెచ్చినదాంట్లో మామిడి తాండ్ర ఏసినావు గదా, దాన్నెందుకు ఇడిసిపెడితివి? ఇదిగో చూడు, ఈనె! ఈనె తీయకుండా ఆకు తరుగుతారా యాడన్నా? ఈ తడేమి, ఆకు తడిపినావా, బట్టలు తడిపినావా? దీన్ని మూడో రకం అంటే మూడో రకానికి అవమానం. దీనికి రకమే లేదు. ఆ బెంగుళూరాయనకు ఇప్పుడే ఫోన్ చెయ్. రావద్దని చెప్పు!"

ఈరేష్ జేబులోంచి ఫోను తీశాడు. ఎదురుగానే నిలబడి మాట్లాడాడు. "సార్, రేపు రావద్దండి. సరుకు లేదండి. మా మామ ఒప్పుకోల్యా."

మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చిన నాగలక్ష్మమ్మ అదంతా విని కొయ్యబారిపోయింది. తేరుకుని మొగుడి మీద విరుచుకుపడింది.

"అయ్యో, నీ నోట్లో మన్ను పడ! ఏం మాటలయ్యా అవి? అల్లున్ని పట్టుకుని రేయ్ గీయ్ అంటావా? బిడ్డ బతుకు ఏం కావల్లనుకున్నావు?"

ఈరేష్ ఆమె చేతిలోంచి గ్లాసు అందుకున్నాడు. పొగకు ఎర్రబడిన కళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"తిట్టనీ అత్తా" అన్నాడు. "నాలుగేండ్లకు ఈ పొద్దు తిడతాండాడు."