జంపఖానా ఫొటో

వరంగల్ కొత్తవాడలో లక్ష్మీనర్సమ్మ నేసే జంపఖానాలకు మంచి పేరుంది. 1981లో ఆర్నెల్లు తంటాలు పడి ఆమె ఒక కొత్త డిజైను కట్టింది. మెట్లు మెట్లుగా దిగే గడులు, వాటి నడుమ తేలు కొండిలా వంగిన గీత. చేనేత సొసైటీ ఎగ్జిబిషన్‌లో చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడు నెలలు తిరక్కుండానే అదే గడి, అదే వంపు హనుమకొండలో గట్టయ్య దుకాణం ముందు వేలాడుతూ కనిపించాయి.

ఎవరిచ్చారు? ఆమె అనుమానం సూటిగా మరిది వెంకట్రాజం మీదికి పోయింది. డోర్నకల్‌లో రైల్వేలో పని చేసే అతను దసరాకు వచ్చినప్పుడు, అరచేతిలో ఇమిడే కెమెరాతో మగ్గం మీది జంపఖానాను ఫొటో తీశాడు. అన్ని ఉండగా దాన్నే ఎందుకు తీసినట్టు?

మళ్లీ అతను ఇంటికి రాగానే అడిగేసింది.

"ఆ ఫొటో ఎవలకిచ్చినవ్?"

వెంకట్రాజం ముఖం మాడిపోయింది. "నన్ను దొంగ అంటానవా వదినె?"

ఆమెకిద్దామని తెచ్చిన ఫొటోల కవరు అక్కడే పడేసి, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడే ఇంతగా అలుగుతాడనుకుంది లక్ష్మీనర్సమ్మ.

డిజైను దించాలంటే పోగుల లెక్క తెలియాలి. కవరులో ఉన్న నెగెటివ్ తీసుకుని చౌరస్తాలో స్టూడియో నడిపే సాంబమూర్తి దగ్గరికి పోయింది.

"దీన్ని పెద్దగ జేస్తే పోగులు లెక్కవెట్టొచ్చునా?"

సాంబమూర్తి దాన్ని బల్బుకు ఎదురుగా పట్టి నవ్వాడు. "బొమ్మ గోరంతనే ఉన్నదక్కా. గింత జాగల ఎన్ని పోగులు పడ్తయి? పెద్దగ జేస్తే ఇసుక చల్లినట్టు అన్ని చుక్కలే."

అంటూనే డ్రాయరులోంచి మరో నెగెటివ్ తీశాడు. అది అగ్గిపెట్టె కన్నా పెద్దది. "గిది నా పెద్ద కెమెరాది. సొసైటోళ్లు చెప్తే నీ జంపఖాననే తీసిన. సూడు, పోగు పోగు కనబడ్తది."

ఆమె భూతద్దం పెట్టి చూసింది. ఒక్కో మెట్టూ లెక్కపెట్టింది. ఒక్కటీ తప్పలేదు. తలెత్తకుండానే అడిగింది.

"దీని ఫొటో ఇంకెవలకిచ్చినవ్?"

సాంబమూర్తి నవ్వు ఆగిపోయింది. "గట్టయ్య సేటు అడిగిండు... గోడకు పెట్టుకుంట, పెద్ద సైజు కావాలన్నడు. నాకేమెరుక అక్కా?"

నిజంగా తెలియదో, తెలిసే ఇచ్చాడో అతని ముఖం చూస్తే ఆమెకు అంతుపట్టలేదు.

"ఇది నేను తీస్కపోతాన" అని నెగెటివ్ కొంగున ముడేసుకుంది. అతను వద్దనలేదు.

సొసైటీ వాళ్లు వెళ్లి అడిగినా గట్టయ్య ఆ జంపఖానాలు అమ్మడం మానలేదు. గడులు ఎవరి సొత్తూ కావన్నాడు.

ఆదివారం లక్ష్మీనర్సమ్మ డోర్నకల్ రైలెక్కింది. తోటికోడలు నిర్మల తలుపైతే తీసింది కానీ లోపలికి రమ్మనలేదు.

"నాదే తప్పు, నిర్మలా. ఊకనే అనుమానపడ్డ" అంది ఆమె గడప అవతలే నిలబడి.

లోపల్నుంచి వెంకట్రాజం వచ్చాడు. వదిన వంక చూడలేదు. చాయకు పాలు లేవంటూ గిన్నె పట్టుకుని వీధిలోకి నడిచాడు.