భాస్వరం బస్తాలు

వదిన మొక్కజొన్న పోయినేడు మోకాలెత్తుకు రాకముందే ఊదారంగుకు తిరిగి గిడసబారింది. గట్టుకవతల మరిది చేను నవనవలాడింది. ఆకు ఊదాగా మారితే భాస్వరం అందలేదని లెక్క. ఇద్దరికీ కలిపి భాస్వరం ఎరువు కొనుక్కొచ్చేది మరిదే, పాకలో బస్తాలు పంచేదీ అతనే. మంచి సరుకు అతనుంచుకుని నాసిరకం తనకు అంటగడుతున్నాడని ఆమె అనుమానం. అతను బాగున్నావా అని అడిగినా అందులో ఏదో మతలబు వినిపించేది.

అందుకే ఈసారి విత్తే ముందు, అతను టీకి వెళ్లిన సందు చూసి, అతని బస్తాలు తన వైపు లాక్కుని తనవి అటు నెట్టింది. బయటికి వస్తుంటే ఎదురయ్యాడు.

"ఏంటి వదినా, అంత ఆయాసం?"

"ఎలుకలు. తరుముతున్నా."

అతను ఆమె చేతులకంటిన దుమ్ము వంక చూసి పాకలోకి నడిచాడు.

అయినా ఆమె చేను మళ్లీ ఊదారంగే, అతనిది మళ్లీ పచ్చనే. వీడు బస్తాలు మళ్లీ మార్చేశాడు, నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడనుకుని, రెండు చేల మట్టీ మూటగట్టి పరీక్షకిచ్చింది.

"భాస్వరం రెంటిలోనూ ఉందమ్మా. మీ దాంట్లోనే ఎక్కువ," అంది పరీక్ష చేసినావిడ. "నత్రజని కోసం ఏం వేస్తారు?"

"అమ్మోనియం సల్ఫేట్. ఏళ్లుగా అదే. ఆకు నిగనిగలాడుతుందని కాస్త ఎక్కువే వేస్తా."

"దాంతో మట్టిలో ఆమ్లం పెరిగి పులిసింది. పులిసిన మట్టిలో ఇనుము భాస్వరాన్ని కరిచి పట్టుకుంటుంది, వేరుకు వదలదు. సున్నం చల్లండి, ఆ పులుపు విరుగుతుంది."

సున్నం కొట్టు ఈవిడ బంధువులదేమోనని దారంతా ఆలోచించింది. చివరికి, భాస్వరం తన మట్టిలోనే ఎక్కువుందంటే మోసం లేనట్టేనని, మరిది ముందు నిలబడి నిజం చెప్పేసింది.

"బస్తాలు మార్చింది నేనే."

"తెలుసు. అందుకే నా వైపు నెట్టినవి వెయ్యలేదు. పశువుల ఎరువుతోనే సరిపెట్టా."

"ఎందుకు?"

"నువ్వేం కలిపావో ఎవరికి తెలుసు?"

"నన్ను అనుమానిస్తావా!" అని ఆమె భగ్గుమంది. తర్వాత తానే సిగ్గుపడి కూలబడింది. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ ఏడు ఆమె పంట దక్కలేదు. కోతలయ్యాక ఇద్దరూ కలిసి ఆమె చేలో సున్నం చల్లారు. మరుసటేడు ఆకు పచ్చగా లేచింది. ఎరువు కొనడానికి మాత్రం అప్పట్నుంచీ ఇద్దరూ కలిసే వెళ్తున్నారు.