ఛీఛీ ఇచ్చిన మందు

ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది అత్తయ్యే. పాల మీద మీగడ కడితే ఛీ, సబ్బుకు వెంట్రుక అంటుకుంటే ఛీ, తడి తువ్వాలు ఎవరైనా కుర్చీ మీద పడేస్తే ఛీ. బస్సులో అందరూ పట్టుకున్న కమ్మీ పట్టుకోవాల్సి వస్తుందని రెండు స్టాపుల దూరం నడిచిపోయే రకం. "పిల్లలందరూ పుట్టగానే కేర్‌మంటారు, మా అన్న కూతురు మాత్రం ఛీ అంది" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అలా ఛీఛీ అయింది. పంతొమ్మిదేళ్ళు వచ్చి, అత్తయ్య కుట్టుగదిలోనే కాజాలు కుట్టే పనిలో చేరినా ఆ పేరు వదల్లేదు.

అత్తయ్య సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొసను నాలుకతో తడిపేది. ఆ సూదిని కావాలనే ఛీఛీకి అందించేది. ఛీఛీ రెండు వేళ్ళతో పట్టుకుని, ఆ కొస కత్తిరించి పారేసి, మళ్ళీ తనే ఎక్కించుకునేది. కుట్టుగదిలో రోజుకు నాలుగైదుసార్లు జరిగే తంతు అది. చూసినవాళ్ళు నవ్వేవారు. అందరికంటే పెద్దగా అత్తయ్య నవ్వేది.

ఆ నవ్వు ఆగిపోయి రెండు నెలలైంది.

అత్తయ్య స్కూటరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. గాయం చీము పట్టడంతో ఒకదాని తరువాత ఒకటి యాంటీబయాటిక్స్ వేశారు. కాలు అతుక్కుంది గానీ కడుపు కట్టు తెంచుకుంది. రోజుకు పదిహేనుసార్లు విరేచనాలు. మంచం దిగేలోపలే అయిపోయేది. దగ్గినా అయిపోయేది, నవ్వినా అయిపోయేది. అందుకని అత్తయ్య నవ్వడం మానేసింది. ఆసుపత్రి గదిలో ఆ వాసన కర్టెన్లకు పట్టేసింది. చచ్చిన ఎలుక ఉన్న అలమరాలో ఎవరో తియ్యటి సిరప్ ఒలకబోసినట్టు ఉండేది. ఇంటికి వెళ్ళి తలస్నానం చేసినా ఛీఛీ జడలోంచి అదే వచ్చేది. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి కిందపెట్టేసేది.

ఒకరోజు సిస్టర్ దుప్పటి మారుస్తూ, "కాస్త ఈ కొస పట్టుకో అమ్మా" అంది. ఛీఛీ పట్టుకుంది. పట్టుకున్నచోటు తడిగా, వెచ్చగా ఉంది. చూసుకుంటే వేళ్ళ సందున ఆకుపచ్చటి జిగురు.

"ఛీ."

ఆపుకునేలోపలే వచ్చేసింది. దుప్పటి వదిలేసి బయటికి పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూసేసరికి అత్తయ్య మొహం గోడవైపు తిప్పుకుని ఉంది. ఆ తరువాత రెండు వారాలు ఛీఛీ గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడేది. అత్తయ్య పలకరించేది కాదు.

చివరికి డాక్టరమ్మ నాన్నను, అమ్మను, ఛీఛీని తన గదిలో కూర్చోబెట్టింది.

"యాంటీబయాటిక్స్‌కి ఆవిడ పేగులో మంచి క్రిములన్నీ చచ్చిపోయాయి. ఒక్క మొండి క్రిమి మిగిలింది. దానికి అడ్డు లేదు. మూడుసార్లు మందు మార్చాం, తగ్గినట్టే తగ్గి తిరగబెడుతోంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కడుపులోని మంచి క్రిముల్ని తెచ్చి వేస్తే అవి దాన్ని అణిచేస్తాయి."

"తెచ్చి వేయడమంటే, ఎక్కణ్ణుంచి తెస్తారండీ?" అన్నాడు నాన్న.

డాక్టరమ్మ చెప్పింది. నాన్న కాసేపు గోడ మీద క్యాలెండరు వంక చూశాడు.

"అంటే... అదేనాండీ?"

"అదే."

"మాత్రల్లాగా దొరకదా?"

"మా దగ్గర లేవు. ఇది కూడా పని చేయకపోతే పెద్దపేగు కోసి తీసేయాలి. ఆవిడకిప్పుడు ఆ ఆపరేషన్ తట్టుకునే ఓపిక లేదు."

ఒకరి కడుపులోది ఇంకొకరి కడుపులోకి. ఎంగిలి దారం ముట్టుకోలేని పిల్ల, ఆ మాటకు అర్థాన్ని కూడా దూరంగా రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

ముగ్గురికీ పరీక్షలు చేశారు. నాన్న దాంట్లో ఏలికపాము గుడ్లు కనిపించాయి. అమ్మ కిందటి నెల పన్ను పీకించుకుని యాంటీబయాటిక్స్ మింగింది, పనికిరాదన్నారు. ఛీఛీ వంతు వచ్చింది.

"బయట తింటావా?" డాక్టరమ్మ కాగితం మీద గుర్తులు పెడుతూ అడిగింది.

"ఛీ, తినను."

"ఒకరి గ్లాసులో తాగడం, ఒకరి దువ్వెన వాడటం?"

"ఛీ."

"కడుపునొప్పి, విరేచనాలు ఈమధ్య..."

"లేవండీ."

మూడో రోజు రిపోర్టు వచ్చింది. "ఇంత శుభ్రమైన మలం ఈ ఏడాదిలో చూడలేదు" అంది డాక్టరమ్మ. కూతురు క్లాసులో ఫస్టొచ్చినట్టు నాన్న మొహం వెలిగిపోయింది. ఛీఛీకి భూమి చీలితే బాగుండుననిపించింది.

ఇక అత్తయ్య సంతకం కావాలి. నాన్న చెప్పాడు. ఛీఛీ గుమ్మంలోంచి వింటోంది.

"ఎవరిది?" అంది అత్తయ్య.

"నీ మేనకోడలిది."

అత్తయ్య కళ్ళు మూసుకుంది. "ఎంగిలి దారమే పట్టుకోదన్నయ్యా, అది. నన్ను చూసి ఛీ అన్న పిల్ల దగ్గర నేను అడుక్కోను. పేగు తీసేస్తే తీసేయమను."

కాగితం పక్కకు తోసేసింది. నాన్న బతిమాలాడు, కసిరాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

ఛీఛీ చున్నీ కిందికి దించింది. గుమ్మం దాటింది. వాసన మొహాన కొట్టింది, వికారంతో నోట్లో నీళ్ళూరాయి. మంచం దాకా వెళ్ళింది. మాట్లాడితే వాంతయ్యేలా ఉంది.

"ఇస్తాను" అంది.

"నా మొహం చూసి చెప్పు."

"ఇస్తానత్తయ్యా. కానీ దాన్ని తెచ్చే డబ్బా వంక నువ్వు చూడకూడదు."

అత్తయ్య పెన్ను అడిగింది.

ఇస్తాననడం తేలిక. ఆసుపత్రి మరుగుదొడ్లో కమోడు మీద ఒక ప్లాస్టిక్ గిన్నె అమర్చి, "దీంట్లో పడాలి, నీళ్ళు తగలకూడదు. ఇవాళ వచ్చింది ఇవాళే వెయ్యాలి" అని చెప్పి సిస్టర్ తలుపు వేసింది. తలుపుకి ఎవరో గోళ్ళతో గీసిన గీతలున్నాయి. కుళాయి కింద సబ్బు మీద వెంట్రుక. ఛీఛీ శరీరం మొత్తం తాళం వేసుకుంది. పది నిమిషాలకోసారి నాన్న బయట నుంచి, "అయిందా అమ్మా?" అనేవాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు కూడా అయిందో లేదో తెలుసుకోవాలన్న ఆత్రం మొదలైంది. ఒక పెద్దావిడ, "అరటిపండు పెట్టి చూడండి" అని సలహా ఇచ్చింది. ఆ రోజు కాలేదు.

మర్నాడు నాన్నను ఇంట్లో ఉండిపొమ్మంది. తనే సబ్బు తెచ్చుకుంది. వేడినీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, కుట్టుగదిలో కాజా చుట్టూ కుట్లు లెక్కపెడుతున్నట్టు ఊహించుకుంది. ముప్పయ్యో కుట్టు దగ్గర పనయింది.

తరువాతే అసలు కష్టం. తన దాన్ని తనే డబ్బాలోకి తియ్యాలి. ప్లాస్టిక్ చెంచా ఇచ్చారు. ఊపిరి బిగబట్టి తీసింది. అది జారింది, సాగింది, చెంచాకు అంటుకుంది. మూతపెట్టి కాగితం సంచిలో పెట్టుకుంటే సంచిలోంచి అరచేతికి వెచ్చగా తగులుతోంది. అప్పుడే పుట్టిన పిల్లిపిల్లలా ఉంది ఆ వెచ్చదనం. ఆ పోలిక ఎందుకు తోచిందో గానీ, ఇక జన్మలో పిల్లిపిల్లను ఎత్తుకోలేననుకుంది.

లిఫ్టులో పక్కనున్నాయన, "పేషెంటుకి భోజనమా?" అన్నాడు మర్యాదగా. ఛీఛీ తల ఊపింది. ఒక రకంగా అబద్ధం కూడా కాదు.

ల్యాబు ఆయన చేతి తొడుగులు వేసుకుని డబ్బా మూత తీశాడు. తానులో బట్ట నాణ్యం చూసే దుకాణదారులా తల అటూ ఇటూ తిప్పి, "బాగుంది" అన్నాడు. "సిగ్గుపడకమ్మా, రోజూ ఇదే మా పని." తూకం వేశాడు. ఉప్పునీళ్ళు పోశాడు. తరువాత గాజు అల్మారాలోంచి మిక్సీ తీశాడు. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి మీట. అచ్చం వాళ్ళ వంటింట్లోదే. జారు తిరిగింది. గోధుమరంగు నురగ అంచుల దాకా లేచింది. "ఇప్పుడు వడకట్టాలి, టీ వడకట్టినట్టే" అన్నాడాయన ఉత్సాహంగా. ఛీఛీ మూలనున్న చెత్తబుట్టలోకి వంగి వాంతి చేసుకుంది. చట్నీ, టీ ఆ పూటే మానేసింది.

మధ్యాహ్నం అత్తయ్యకు మత్తు ఇచ్చి, కెమెరా ఉన్న గొట్టంతో ఆ మందును పేగులోకి పంపారు. ఛీఛీ బయట బెంచీ మీద కూర్చుంది. తనలోంచి వచ్చిన ఏదో ఆ తలుపు అవతల అత్తయ్యలోకి వెళుతోంది. అసహ్యంతో చేతుల మీద వెంట్రుకలు లేచాయి. పని చేస్తే చాలు, పని చేస్తే చాలు, అని కూడా అనుకుంది. ఆ రెండూ ఒకేసారి ఎలా అనుకోవచ్చో దానికి తెలియలేదు.

మొదటి రోజు పదిసార్లు. రెండో రోజు నాలుగు. మూడో రోజు పొద్దున ఛీఛీ వెళ్ళేసరికి సిస్టర్ బెడ్‌ప్యాను మీద మూత పెట్టి, పెళ్ళికూతుర్ని చూపించబోతున్నదానిలా నిలబడి ఉంది.

"రాత్రి నుంచి ఇది ఒక్కసారే. డాక్టరమ్మ రౌండ్సుకి వచ్చేదాకా ఉంచమంది. చూస్తావా?"

వద్దనేలోపలే మూత తీసింది. గట్టిగా, ముద్దగా, మామూలు మనిషిది ఎలా ఉండాలో అలా ఉంది. ఛీఛీ నోరు తెరుచుకుంది. గబుక్కున పెదవి కొరికి పట్టుకుంది. అత్తయ్య దిండు మీద నుంచి మేనకోడల్నే చూస్తోంది.

"ఆపుకోకే, అనెయ్. సగం నీదే."

"ఛీ" అంది ఛీఛీ, మనసారా.

అత్తయ్య నవ్వింది. ముందు చిన్నగా, భయంభయంగా, తరువాత మంచం కిర్రుమనేలా. నవ్వు ఆగాక ఒక్క క్షణం కదలకుండా ఉండి, దుప్పటి కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. అదే చేత్తో మేనకోడలి గడ్డం పట్టుకుని ఊపింది.

ఛీఛీ కదల్లేదు. అత్తయ్య చెయ్యి తీసేదాకా అలాగే ఉంది. ఆ తరువాత వెళ్ళి మొహం మూడుసార్లు కడుక్కుంది.