ఇరవై నిమిషాల మోకాలు

సోంఫోప్ వెదురుకర్రతో ఖామ్‌సింగ్ ఎడమ మోకాలి మీద ఛెళ్లున కొట్టాడు.

"నొప్పుందా?"

"ఉంది గురువుగారూ."

"అయితే ఇంకో ఇరవై నిమిషాలు పెట్టు, బున్‌మా!"

గుడి తిరునాళ్లలో, కాళ్లతో తన్నుకునే థాయ్ బాక్సింగ్ డేరా వెనక, జనరేటర్ పొగలో, మాలీషు చేసే బున్‌మా అయస్కాంతపు కడియాన్ని మళ్లీ అతని మోకాలికి తొడిగింది. యంత్రం టకటకలాడింది. అమ్మినవాడు నొప్పి తగ్గుతుందన్నాడు గాని, తెగింది అతుకుతుందనలేదు. ఆ తేడా సోంఫోప్‌కి అక్కర్లేదు. యంత్రం మీద పచ్చలైటు వెలిగాక నొప్పన్నవాడు అతని శిక్షణ శిబిరంలో దొంగ. ఎంత చక్కటి న్యాయం!

"లోపల లిగమెంటు తెగిందని డాక్టరు చెప్పాడుగా గురువుగారూ. ఇంకొక్క తన్ను పడితే ఖామ్‌సింగ్ తమ్ముడు జన్మలో నడవడు," అంది బున్‌మా.

సోంఫోప్ మర్దన నూనె సీసా విసిరాడు. అది ఆమె కణత మీద భళ్లున పగిలింది.

"నూనె రాసేదానివి, నీకెందుకే వైద్యం!"

బున్‌మా భుజం మీది తువ్వాలుతో నెత్తురు తుడుచుకుంది. ఖామ్‌సింగ్ పళ్లు నూరాడు గాని లేవలేదు. పంతొమ్మిదేళ్లు ఆ శిబిరంలో జిగురన్నం తిన్నాడు. అన్నం పెట్టిన చేతికి ఎదురాడకూడదట. గెలిచినా ఓడినా అతనికి మూడువేల బాత్‌లు, శిబిరానికి అరవైవేలు.

పచ్చలైటు వెలిగింది.

బరిలోకి దిగేముందు గురువు అతని తలకు పేనిన తాడు తలకట్టు తొడిగాడు. సన్నాయి అందుకుంది. ఖామ్‌సింగ్ మోకరిల్లి గురువందనం చేశాడు, లేవబోతే కాలు లేవలేదు. బరి చుట్టూ కట్టిన తాడు పట్టుకుని లేచాడు.

"ముసలెద్దూ, మడి దున్నుకో పో!" అని జనం ఈలలేశారు.

ఎదుటి కుర్రాడు తన ఎడమ మోకాలు చరుచుకుని చూపిస్తూ నవ్వాడు. ఎక్కడ తన్నాలో వాడికి తెలుసు.

తలకట్టు గురువే తన చేత్తో తీయాలి. తీస్తేగాని పోటీ మొదలయ్యే గంట మోగదు. సోంఫోప్ తాళ్లవతల నుంచి చెయ్యి చాచాడు.

"తల వంచరా."

ఖామ్‌సింగ్ తలకట్టును రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

"వంచరా కుక్కా!"

తాళ్ల మధ్య నుంచి కర్ర మోకాలి మీద పడింది. మళ్లీ పడింది. ప్రాణం జివ్వుమంది. సన్నాయి ఆగిపోయింది.

"నొప్పుంది గురువుగారూ!" అన్నాడు, చివరి వరుసకి కూడా వినిపించేలా. "ఇరవై నిమిషాల క్రితమూ ఉంది!"

కర్ర మళ్లీ లేచింది. తల వంగలేదు. గంట కొట్టేవాడు సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.